నా మొహమేదిరా?

పోయిన వారం రాస్తానని మాటిచ్చిన శ్మశానం దారి సంగతి ఈ వారం రాయటం లేదు. దానికి ఎమ్మార్వో ఆఫీసు నుంచి ఇంకో కాగితం చేతికి రావాలి. ఈలోపు ఒక తమ్ముడు ఇన్‌బాక్స్‌లో అడిగిన ప్రశ్నకు జవాబు బాకీ ఉన్నాను. నాలుగు లైన్లలో చెప్పొచ్చు, చెప్పాను కూడా. చెప్పాక అది తప్పు జవాబని నాకే తెలిసింది. పొడుగ్గా ఉంటుంది, తీరిక ఉన్నప్పుడు చదవండి.

ప్రశ్న ఇది: "అన్నా, నా దగ్గర 45 వేలున్నయ్. పిట్టల ఫొటోలు తీయాలి. ఏ కెమెరా కొనమంటావు?"

పిల్లాడు డిగ్రీ రెండో సంవత్సరం. పెళ్ళిళ్ళ సీజన్‌లో ఒక ఫొటోగ్రాఫర్ వెనక లైటు పట్టుకుంటాడు. పెళ్ళి వీడియో చూసేటప్పుడు ఎవరూ ఆ లైటు పట్టుకున్న పిల్లాణ్ణి చూడరు. నాకు తెలిసిన లైటు బాయ్‌లలో ఎక్కువమంది మనోళ్ళే. ఆ 45 వేలల్లో పదిహేను వేలు అలా రాత్రుళ్ళు నిలబడి దాచుకున్నది. ముప్పై వేలు వాళ్ళమ్మ డ్వాక్రా గ్రూపులో తీసి ఇచ్చింది. నెలనెలా కంతు కట్టాలి. కెమెరా కొంటే కొడుకు పెళ్ళిళ్ళు తీసి నాలుగు రాళ్ళు తెస్తాడని ఆమె ఆశ. కొడుక్కేమో పిట్టల మీద మనసు. ఈ సంగతి ఇంకా అమ్మకు చెప్పలేదంట.

నన్ను అడిగేముందు వాడు ఒక ఫొటోగ్రఫీ గ్రూపులో ఇదే ప్రశ్న పెట్టాడు. జవాబులు నాకు పంపాడు. ఒకాయన 600 లెన్సు లేకుండా పిట్టల జోలికి పోవద్దన్నాడు. మంచి 600 ఎఫ్ 4 లెన్సంటే పది లక్షలు దాటిన మాట. ఇంకొకాయన కొంచెం దయగలవాడు, 150-600 జూమ్ సెకండ్ హ్యాండ్‌లో చూడమన్నాడు. లెన్సు ఒక్కటే రెండు కేజీలు, వాడి బడ్జెట్ అంతా దానికే పోయి కెమెరాకు డబ్బులుండవు. మూడో ఆయన, "ముందు ఫోన్‌తో నేర్చుకో బ్రదర్, గేర్ ముఖ్యం కాదు" అన్నాడు. ఆయన ప్రొఫైల్‌లోకి వెళ్ళి చూశాను. మెడలో రెండు కెమెరాలు, వెనక జిప్సీ, ఆ వెనక పులి. గేర్ ముఖ్యం కాదనే మాట ఎప్పుడూ గేర్ ఉన్నవాడే చెప్తాడెందుకో!

సరే, వాళ్ళను అని లాభం లేదు. నేను చెప్పిన జవాబు అంతకన్నా ఘోరం. "పిట్టలెందుకు తమ్ముడూ. ముందు మన పల్లెను తియ్యి. పనిచేసే మన అమ్మల్ని తియ్యి. 50 లెన్సు చాలు" అని రాశాను. రాసి, మంచి మాట చెప్పానని తృప్తిగా టీ తాగాను కూడా.

మర్నాడు వాడి నుంచి రెండు ముక్కలు వచ్చాయి. "పల్లెలోనే ఉంటున్నా కదన్నా. నాకు పిట్టలంటే ఇష్టం."

ఆ మాట దగ్గరికి మళ్ళీ వస్తాను. ముందు నా కెమెరా కథ చెప్పాలి. అది చెప్పకుండా ఏ కెమెరా కొనాలో చెప్పే హక్కు నాకు లేదు.

2016లో నేను పద్నాలుగు వేలకు సెకండ్ హ్యాండ్‌లో కెనాన్ 1200డి కొన్నాను, దాంతో వచ్చే 18-55 కిట్ లెన్సు, నాలుగు జీబీ కార్డు. సంచి లేదు. అమ్మ పాత చీర ముక్కలో చుట్టి కాలేజీ బ్యాగులో పెట్టుకునేవాణ్ణి. మీటింగులు, ర్యాలీలు, విగ్రహావిష్కరణలు తీసేవాణ్ణి. అందరూ బాగుందన్నారు. నేనూ ఫొటోగ్రాఫర్‌నే అనుకున్నాను.

మా చిన్నమ్మ చినగంజాం వైపు ఉప్పు మడుల్లో పని చేసేది. మీలో ఆ వైపు పోయినవాళ్ళకు తెలుస్తుంది. ఎండాకాలంలో అక్కడ నేలా తెలుపే, ఆకాశమూ తెలుపే. ఎండ పైనుంచే కాదు, కింద నుంచి కూడా కొడుతుంది. చెక్క పలకతో ఉప్పును లాగి గట్టు మీద కుప్ప పోస్తుంటారు. 2017 ఏప్రిల్‌లో ఒకరోజు చిన్నమ్మ పని చేస్తుంటే ఫొటోలు తీద్దామని వెళ్ళాను. చేరేసరికి పదకొండు. ఫొటోలు తీసేవాడెవడూ ఆ ఎండలో తీయకూడదంటాడు. కానీ చిన్నమ్మకు పని ఉండేది ఆ ఎండలోనే. పొద్దున్నే బంగారు వెలుగులో ఆమె ఇంట్లో అన్నం వండుతూ ఉంటుంది.

కుప్ప పక్కన నిలబెట్టి తీశాను. ఆమె నవ్వింది. నా జన్మలో ఆమె కెమెరాకు అలా నవ్వటం అదే చూడటం. ఆత్రంగా వచ్చి వెనక స్క్రీన్ మీద చెయ్యి అడ్డం పెట్టి చూసింది. చూసి అడిగింది: "నా మొహమేదిరా?"

ఉప్పు కుప్ప బూడిద కుప్పలా వచ్చింది. చీర రంగు కొంచెం వచ్చింది. చీర పైన మొహం ఉండాల్సిన చోట ఒక నల్లటి మరక. కళ్ళు లేవు, నవ్వు లేదు.

ఇలా ఎందుకయిందో ఆ రోజు నాకు తెలియదు. ఎండ ఎక్కువైందన్నాను. నిజానికి ఎండ ఎక్కువైతే ఫొటో తెల్లగా రావాలి కదా, నల్లగా ఎందుకొస్తుంది? ఇది కెమెరా ఉన్న ప్రతివాడూ తెలుసుకోవాలి, ముఖ్యంగా మనోళ్ళు. కెమెరాలో వెలుగును కొలిచే మీటరుకు ముందున్నది ఉప్పో, బొగ్గో, మనిషో తెలియదు. లోకమంతా కలిపి సగటున ఒక మధ్యరకం బూడిద రంగులో ఉంటుందని అనుకుని లెక్క కడుతుంది. ముందు తెల్లటి ఉప్పు పరిచి ఉంటే, "అబ్బో, వెలుగు ఎక్కువుంది" అని ఫొటో మొత్తాన్ని చీకటి చేస్తుంది. ఉప్పు బూడిదవుతుంది. ఉప్పు నడుమ నిలబడ్డ నల్లటి మొహం చీకట్లో కలిసిపోతుంది. అదే తెల్లటి మొహమైతే అంత వెలుగులోనూ ఎంతో కొంత కనపడేది.

దీనికి మందు కెమెరా మీదే ఉంది. కూడిక, తీసివేత గుర్తులున్న ఒక చిన్న బటన్. దాన్ని కూడిక వైపు ఒకటిన్నర, అవసరమైతే రెండు దాకా జరిపితే చిన్నమ్మ మొహం వచ్చేది. ఆకాశం తెల్లగా కాలిపోయేది, పోనీ. లేదా మీటరును పార్షియల్‌లో పెట్టి ఆమె మొహం మీద కొలిస్తే వచ్చేది. లేదా పట్టపగలైనా సరే కెమెరా మీదున్న చిన్న ఫ్లాష్ లేపితే కళ్ళలోకి వెలుగు వచ్చేది. ఇవేవీ డబ్బుతో వచ్చేవి కావు. పద్నాలుగు వేల కెమెరాలో ఉన్నవే. నాకు ఎవరూ చెప్పలేదు, నేనెవర్నీ అడగలేదు.

ఇంకొక తప్పు కూడా చేశాను. కార్డు నాలుగు జీబీలే అని, ఎక్కువ ఫొటోలు పట్టాలని అన్నీ జేపెగ్‌లో తీశాను. రా ఫైల్‌లో తీసి ఉంటే ఆ చీకట్లోంచి మొహాన్ని కొంతైనా తర్వాత కంప్యూటర్‌లో పైకి లాగొచ్చు. జేపెగ్‌లో లాగితే గింజలు గింజలుగా, మచ్చలు మచ్చలుగా వస్తుంది. లాగి చూశాను. ఇంకో మూడొందలు పెట్టి పెద్ద కార్డు కొనకపోవటం వల్ల పోయిందది.

కొందరు మిత్రులు ఇక్కడ ఆవేశపడి "కెమెరాకే కులం ఉందన్నమాట" అంటారు. ఆగండి. మీటరుకు కులం లేదు, రంగు లేదు. దానికి లెక్క ఒక్కటే తెలుసు. ఆ లెక్క ఎవరి మొహం కోసం సరిదిద్దారనే చోట మాత్రం మనుషులున్నారు. ఫిల్మ్ కాలంలో కొడాక్ కంపెనీ ఫొటో ల్యాబులకు ఒక కార్డు పంపేది. దాని మీద ఒక తెల్లామె. మొదటి ఆమె పేరు షర్లీ కాబట్టి ఆ తర్వాత ఏ ఆమె వచ్చినా దాన్ని షర్లీ కార్డనే అన్నారు. షర్లీ చర్మం సరిగ్గా వస్తే యంత్రం సరిగ్గా ఉన్నట్టు. స్కూలు గ్రూపు ఫొటోలో తెల్లపిల్లల పక్కన తమ పిల్లల మొహాలు రావటం లేదని నల్ల తల్లులు గోల పెట్టారు. కంపెనీని కదిలించింది ఆ తల్లులు కాదు. చాక్లెట్ కంపెనీలు, చెక్క సామాన్ల కంపెనీలు. మా ప్రకటనల్లో చాక్లెట్ల రంగు తేడాలు తెలియటం లేదు, చెక్కల రంగు తేడాలు తెలియటం లేదని వాళ్ళు ఫిర్యాదు చేస్తే ఫిల్మును మెరుగు చేశారు. లోర్నా రాత్ అనే పరిశోధకురాలు దీని మీద పని చేసి రాసింది. వేర్వేరు రంగుల మనుషులున్న కార్డు రావటానికి 1990ల నడుమ దాకా పట్టింది. టేకు చెక్క రంగు కోసం చేసిన మరమ్మతులో మన మొహాలు కూడా కొంచెం బాగుపడ్డాయి, అంతే. ఇప్పటి కెమెరాల్లో ఆ గొడవ చాలావరకు తీరింది. కానీ ఫోన్ చూడండి. కొన్నిటిలో కొన్న రోజే బ్యూటీ మోడ్ ఆన్ చేసి ఉంటుంది. అడక్కుండానే నిన్ను తెల్లగా చేస్తుంది. మొదట దాన్ని ఆపండి.

సరే, ఆ రోజు కథ అయిపోలేదు. చిన్నమ్మ అడిగిన మాటకు సిగ్గుపడి, ఇంకొకటి బాగా తీద్దామని గట్టు అంచున మోకాళ్ళ మీద కూర్చున్నాను. కింద నుంచి తీస్తే ఆకాశం నేపథ్యంగా బాగుంటుందని ఎక్కడో చదివాను. (అలా తీస్తే మొహం ఇంకా నల్లగా వచ్చేది, అది వేరే సంగతి.) గట్టు జారింది. నేను పడ్డాను. కెమెరా మెడలో లేదు, చేతిలో ఉంది. మడిలో నీళ్ళు చీలమండ లోతు కూడా లేవు. కెమెరా మునగటానికి అవి చాలు.

నీళ్ళు కూడా మామూలు నీళ్ళా! ఉప్పుగా మారబోతున్న నీళ్ళు. పైకి తీసి, పంచెతో తుడిచి, పని చేస్తుందో లేదోనని వెంటనే ఆన్ చేశాను. ఆ ఒక్క పనితో దాని ప్రాణం పోయింది. నీళ్ళలో పడిన కెమెరాను ఆన్ చేయకూడదు. ముందు బ్యాటరీ తీసేయాలి, కార్డు తీసేయాలి, అలాగే పట్టుకెళ్ళి తెలిసినవాడి చేతిలో పెట్టాలి. ఉప్పు నీళ్ళైతే అప్పటికీ ఆశ తక్కువే. బియ్యంలో పెట్టమని నలుగురు చెప్పారు. పెట్టాను. బియ్యం ఉప్పును తీసేయదు, లోపలికి తవుడు మాత్రం పంపుతుంది. రిపేరుకు పదకొండు వేలు అన్నారు. వారంటీ ఎలాగూ లేదు, ఉన్నా నీళ్ళలో పడినదానికి వర్తించదు. పార్టులకు పదిహేను వందలకు అమ్మేశాను.

కార్డు బతికింది. అందులో మొహం లేని ఆ ఫొటో బతికింది.

ఇంకో కెమెరా కొనటానికి నాకు రెండేళ్ళు పైన పట్టింది. అప్పటికి చిన్నమ్మ మోకాళ్ళు పోయి ఉప్పు పనికి వెళ్ళటం మానేసింది. 2021లో పోయింది. పెద్దదినం నాడు పటం కట్టించటానికి ఫొటో కావాలంటే, ఆధార్ కార్డు మీది ఫొటోను స్టూడియోలో పెద్దది చేయించారు. ఉత్త ఆధార్ ఫొటో కూడా కాదు, స్టూడియో అబ్బాయి ఆమెను రెండు చాయలు తెల్లగా చేసి ఇచ్చాడు. అందరూ బాగుందన్నారు.

ఔట్‌డోర్ ఫొటోగ్రఫీలో ప్రమాదాల గురించి చాలామంది సరదాగా రాస్తారు. అలల్లో ట్రైపాడ్ కొట్టుకుపోయిందని, కోతి లెన్సు మూత ఎత్తుకుపోయిందని. నేనూ నవ్వుతా. కానీ ఆ కథలన్నిటి చివరా "ఆ తర్వాత కొత్తది కొన్నాను" అనే వాక్యం ఒకటి దాక్కుని ఉంటుంది. ఆ వాక్యం లేనివాడికి అదే ప్రమాదం రెండేళ్ళు ఖాళీ. అందుకే గేర్ విషయంలో నా పద్ధతి వేరు. ఎంత దూరం లాగుతుంది, ఎన్ని మెగాపిక్సెళ్ళు అని చూడను. ఇది పోతే నేను ఎన్నాళ్ళు లేస్తాను అని చూస్తాను. చేతిలో ఉన్నదంతా కెమెరా మీద పెట్టొద్దు. 45 ఉంటే ముప్పై దాటొద్దు. మిగతాది పడిపోయినప్పుడు లేవటానికి.

నీళ్ళలో పడ్డ నాకు తర్వాత్తర్వాత ఒక తోడు దొరికాడు. గోర్డన్ పార్క్స్. అమెరికాలో నల్ల ఫొటోగ్రాఫర్, 1912లో కాన్సస్‌లో పుట్టాడు. రైలు భోజనాల పెట్టెలో వెయిటర్‌గా పని చేసేవాడు. ప్రయాణికులు వదిలేసిన పత్రికలో వలస కూలీల ఫొటోలు చూసి, సియాటిల్‌లో తాకట్టు కొట్లో కొద్ది డాలర్లకు వాయిగ్ట్‌లాండర్ బ్రిలియంట్ అనే కెమెరా కొన్నాడు. కొన్న కొత్తలోనే సముద్రపు పిట్టల్ని తీయబోయి నీళ్ళలో పడ్డాడు, బయటికి లాగాల్సి వచ్చింది. ఆ మనిషే 1942లో వాషింగ్టన్‌లో ఎల్లా వాట్సన్ అనే ఆఫీసు ఊడ్చే ఆమెను జెండా ముందు, చేతిలో చీపురు, పక్కన తుడుపు కర్రతో నిలబెట్టి తీశాడు. 1948లో లైఫ్ పత్రికలో మొదటి నల్ల స్టాఫ్ ఫొటోగ్రాఫర్ అయ్యాడు. ఎల్లా వాట్సన్ ఫొటో గురించి నేను ఎన్ని మీటింగుల్లో చెప్పానో మీకు తెలుసు. కానీ ఆయన వోగ్ పత్రికకు ఫ్యాషన్ ఫొటోలు కూడా తీశాడని, పట్టు గౌన్లు, టోపీలు, అందమైన ఆడవాళ్ళను అంతే ప్రేమతో తీశాడని నేను ఏ మీటింగులోనూ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు? నాకు పనికిరాదనిపించి. ఆయన మొదట వెంటపడింది పిట్టల వెంటే అని కూడా చెప్పలేదు.

ఇక్కడే తమ్ముడి మాట నాకు తగిలింది. "పల్లెలోనే ఉంటున్నా కదన్నా."

మన పిల్లాడు కెమెరా పట్టుకుంటే వాడు మన బాధనే తీయాలని వాళ్ళూ అంటారు, మనమూ అంటాం. వాళ్ళు ఎగ్జిబిషన్‌లో పెట్టుకోవటానికి, మనం పోస్టర్ల మీద వేసుకోవటానికి. మధురై వైపు పళని కుమార్ ఉన్నాడు. చేపలమ్మే అమ్మ కొడుకు, అప్పు చేసి కెమెరా కొన్నవాడు, మురుగు గుంటల్లో చచ్చిపోతున్న పాకీ పనివాళ్ళను తీశాడు. ఆ పని లేకపోతే ఆ చావులు చాలా వరకు మనకు కనపడేవి కావు. ఆయన ముందు తల వంచుతాను. కానీ అది ఆయన ఎంచుకున్న దారి. ఇంకో పిల్లాడికి ఆ దారి నేను కేటాయించటానికి ఎవర్ని? ఊళ్ళో పని కేటాయించినట్టే కదా ఇదీ! అడవులు, కొండలు, పిట్టలు, మంచు అవన్నీ సెలవులున్న వాళ్ళ ఆస్తి అని, మన వాటాకు ఏడుపు మాత్రమే అని నేనే ఒప్పుకున్నట్టయింది. పేడ ఎత్తటానికి, పశువుల్ని మేపటానికి, చెరువులో తూడు కోయటానికి తరతరాలుగా తెల్లారుజామునే బయట తిరిగింది మనోళ్ళు. ఏ పిట్ట ఎప్పుడొస్తుందో, ఎక్కడ గుడ్డు పెడుతుందో మా తాతకు తెలిసినంత ఆ జిప్సీ ఆయనకు తెలియదు. తాత దగ్గర లేనిది లెన్సే.

అయితే పిట్టల దారిలో ఒక ప్రమాదం ఉంది, గేర్ పుస్తకాల్లో ఉండదు. పొద్దున్నే ఐదింటికి పొడుగు లెన్సు పట్టుకుని చెరువు గట్టు మీద నిలబడితే జిప్సీ ఆయనను "ఏ పిట్ట సార్?" అంటారు. మనవాణ్ణి "ఎవరబ్బాయివిరా?" అంటారు. రెండో ప్రశ్న "ఏ ఊరు?" మూడోది "ఊళ్ళోనా, పల్లెలోనా?" నన్ను రొయ్యల చెరువుల దగ్గర ఒకసారి ఇలాగే ఆపారు. మందులు వేస్తుంటే ఫొటో తీసి పత్రికకు ఇస్తాననుకున్నారంట. కార్డు తీసి ఇమ్మన్నారు. ఇచ్చాను. ఒంటరిగా ఉన్నాను, ఏం చేస్తాను? అప్పటి నుంచి జేబులో ఒక ఖాళీ కార్డు పెట్టుకుంటున్నా. కొత్త చోటికి ఒంటరిగా వెళ్ళొద్దు. ముందు రోజు కెమెరా లేకుండా వెళ్ళి, టీ కొట్లో కూర్చుని, నాలుగు మాటలు కలిపి రా. పెద్ద లెన్సు వద్దని నేను చెప్పటానికి డబ్బు సగం కారణం, ఇది సగం కారణం. ఆ గొట్టం నీకన్నా ముందు వెళ్ళి జవాబులు చెప్పుకోవాల్సి వస్తుంది.

కాబట్టి తమ్ముడూ, నా కొత్త జవాబు ఇది. పాతది కొట్టేశాను.

సెకండ్ హ్యాండ్ డీఎస్‌ఎల్‌ఆర్ ఒకటి, దానికి 55-250 లేదా 70-300 లెన్సు. అందరూ మిర్రర్‌లెస్‌కు మారిపోతున్నారు కాబట్టి పాతవి చవగ్గా దిగుతున్నాయి. వాళ్ళ మోజు మనకు లాభం. కొనే ముందు లెన్సులోంచి టార్చి లైటు వేసి చూడు. సాలెగూడు పోగుల్లా కనపడితే అది బూజు, ఎంత తగ్గించినా వద్దు. ఎఫ్ 16లో ఆకాశాన్ని ఒకటి తీసి పెద్దది చేసి చూడు, నల్లచుక్కలుంటే సెన్సార్ మీద దుమ్ము. దుమ్మైతే తుడిపించుకోవచ్చు, దానికి బేరమాడు. అడుగున స్క్రూలకు తుప్పుంటే, బ్యాటరీ గదిలో పచ్చగా మరక ఉంటే నాలాంటివాడెవడో నీళ్ళలో ముంచి అమ్ముతున్నాడని అర్థం. లేచి వచ్చెయ్.

కార్డు రోడ్డు పక్కన కొనొద్దు. 128 అని రాసి ఉంటుంది, లోపల అందులో పదో వంతు ఉంటుంది, నిండాక తీసినవన్నీ గాల్లో కలుస్తాయి. మంచివి చిన్నవి రెండు కొను. ఒకవేళ పొరపాటున ఫార్మాట్ చేస్తే గుండె ఆపుకుని ఆ కార్డు మీద ఇంకేమీ తీయకుండా పక్కన పెట్టు. ఫొటోరెక్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, చాలావరకు వెనక్కి తెస్తుంది.

మూత బిగుతుగా పట్టే ప్లాస్టిక్ డబ్బా ఒకటి, అందులో సిలికా జెల్. మన కోస్తా గాలికి లెన్సును బీరువాలో గుడ్డల మధ్య పెడితే రెండు వర్షాకాలాల్లో బూజు ఖాయం. నాకు ఒక లెన్సు అలాగే పోయింది, చీర ముక్కలో చుట్టిపెట్టి. ప్రేమగా చుట్టాను, ఆ గుడ్డ చెమ్మ పీల్చి దానికే పట్టించింది. జెల్ గింజల రంగు మారితే పెనం మీద సన్నటి సెగన కాస్త వేడి చేస్తే మళ్ళీ పనికొస్తాయి, ఆ పెనం మీద అట్లు మాత్రం పోయొద్దు. వానకు ఒక పాలిథిన్ కవరు, రెండు రబ్బరు బ్యాండ్లు. ఏసీ గదిలోంచో కారులోంచో బయటికి వస్తే బ్యాగు జిప్పు అరగంట తీయొద్దు, లెన్సు లోపలా బయటా చెమర్చి, తుడిచినకొద్దీ మళ్ళీ వస్తుంది. మాకు ఏసీ ఎక్కడిదన్నా అనకు, పెళ్ళి హాల్లోంచి నేరుగా చెరువుకు పోయే రోజు నీకు వస్తుంది. కెమెరా పట్టీ ఎప్పుడూ మెడలో ఉండాలి. దీనికి కారణం మళ్ళీ చెప్పను.

ఇక చోటు. పది లక్షల లెన్సు ఎందుకంటే పిట్ట దూరంగా ఉంటుంది కాబట్టి. పిట్ట దగ్గరగా ఉండే చోటికి పోతే ఆ లెన్సు అక్కర్లేదు. గుంటూరు పక్కనే ఉప్పలపాడు ఉంది. ఊరి చెరువుల్లో చెట్ల మీదే గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు పెడతాయి. చలికాలంలో చెట్లు వంగిపోయేటట్టు ఉంటాయి. 250 లెన్సుకు రెక్క ఈకలు లెక్కపెట్టొచ్చు. జనం రోజూ వచ్చి చూసి పోయే చోటు కాబట్టి ఎవరబ్బాయివి అనేవాళ్ళూ తక్కువ. అది బాగా వచ్చాక నేలపట్టుకు పో. నీళ్ళలో నిలబడ్డ కడప చెట్ల మీద గూడబాతుల గూళ్ళు చూడాలంటే అదే చోటు. గూటికి దగ్గరగా పోవటానికి నీళ్ళలో దిగొద్దు. పిట్ట లేచిపోతే గుడ్డు మీద ఎండ పడుతుంది, కాకి చూస్తుంది.

అక్కడ తెల్లకొంగను తీసేటప్పుడు నీకు నా చిన్నమ్మ కథ తిరగబడి కనపడుతుంది. వెనక చెరువు నల్లగా, ముందు కొంగ తెల్లగా. మీటరు నలుపును చూసి "వెలుగు తక్కువుంది" అని ఫొటోను వెలిగిస్తుంది, కొంగ ఈకలు లేని సున్నం ముద్ద అవుతుంది. అప్పుడు అదే బటన్‌ను తీసివేత వైపు ఒక మెట్టు జరుపు. రాలో తీయి. సాయంత్రం ఇంటికి వచ్చాక అదే కెమెరాతో వాకిట్లో కూర్చున్న అమ్మను తీసేటప్పుడు దాన్ని మళ్ళీ మధ్యకు తేవటం మర్చిపోకు. వెనక ఆకాశం ఉంటే కూడిక వైపుకు. అమ్మను తియ్యమని నేను చెప్పటం లేదు. తీస్తే మాత్రం మొహం రావాలి.

వాళ్ళమ్మకు అసలు సంగతి చెప్పమని కూడా రాశాను. అప్పు ఆమెది, కంతు ఆమె కడుతుంది, ఆ డబ్బుతో కొడుకు కొంగల్ని తీస్తాడని ఆమెకు తెలియాలి. వారంలో ఒక పెళ్ళి, ఒక చెరువు అని బేరం పెట్టుకోమన్నాను. ఏమంటుందో చూడాలి.

ఒక అభ్యర్థన. మీలో చాలామంది ఇళ్ళలో బీరువాల్లో పాత కెమెరాలు, లెన్సులు మూలుగుతున్నాయని నాకు తెలుసు. పిల్లలు అమెరికా నుంచి కొత్తది తెచ్చాక పక్కన పడేసినవి. టార్చి వేసి చూసి, బూజు లేకపోతే నాకు మెసేజ్ పెట్టండి. తమ్ముడికి అవసరం లేకపోతే వాడి వెనక ఇంకో ముగ్గురు లైటు బాయ్‌లు ఉన్నారు. ఊరికే ఇవ్వక్కర్లేదు, న్యాయమైన ధర చెప్పండి, కంతుల్లో కడతారు.

శ్మశానం దారి కాగితం వస్తే వచ్చే ఆదివారం అదే.